రాధాబజారు నుంచి బీడన్ స్ట్రీట్ దాకా

రాధాబజారులో అడుగు పెడితే అన్నీ గడియారాలే. గోడ గడియారాలు, చేతి గడియారాలు, పట్టీలు, ముళ్లు, చిన్న చిన్న డబ్బాల నిండా గాజు బిళ్లలు. ఒక్కో కొట్టు ఒక్కో టైము చూపిస్తోంది. "వీటిల్లో దేన్ని నమ్మమంటావోయ్?" అన్నారు మా బావగారు. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వలస వెళ్లిన కుటుంబం. ఆయన బెంగాలీ మాట్లాడితే బెంగాలీవాళ్లే పోల్చుకోలేరు. తెలుగు మాట్లాడితే మాత్రం మా అక్క నవ్వు ఆపుకోలేదు. కలకత్తాలో నాకు ఆయనే దుబాసీ, ఆయనే గైడు, టీ ఖర్చు కూడా ఆయనదే.

నేను వెతుక్కుంటూ వచ్చింది గడియారాలను కాదు. 1780 జనవరి 29న ఈ దేశంలో మొట్టమొదటి వార్తాపత్రిక వెలువడింది ఈ చుట్టుపక్కలే. దాని పేరు బెంగాల్ గెజెట్. వేసినవాడు జేమ్స్ అగస్టస్ హికీ అనే ఐరిష్ మనిషి. ఓడలో వైద్యుడి సహాయకుడిగా వచ్చి, వ్యాపారం చేసి, అప్పులపాలై జైలుకెళ్లాడు. అచ్చుపని మొదలుపెట్టింది ఆ జైల్లోనే. అందుకేనేమో, జైలంటే అతనికి పెద్ద భయం లేనట్టు కనిపిస్తుంది. వారానికోసారి, శనివారం శనివారం పత్రిక వచ్చేది. అన్ని పక్షాలకూ చోటిస్తాం, ఎవరికీ లొంగం అని నెత్తిన రాసుకున్నాడు. రాసుకున్న మాట నిలబెట్టుకునేసరికి పీకల మీదికొచ్చింది.

ఏ ఇంట్లో అచ్చేశాడో కనుక్కోవడం వెర్రితనమని నాకూ తెలుసు. అయినా బావగారి చేత నాలుగు కొట్లలో అడిగించాను. మూడింట్లో తల అడ్డంగా ఊపారు. నాలుగో కొట్టు ముసలాయన కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే, "ఆ కంపెనీ వాచీలు ఇప్పుడు రావడం లేదు" అన్నాడు.

హికీ మీద కోపం వచ్చింది మామూలు మనుషులకు కాదు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు, సుప్రీం కోర్టు పెద్ద జడ్జి ఎలైజా ఇంపేకి. లంచాలు, కాంట్రాక్టులు, పెళ్లాల పెత్తనాలు అన్నీ రాసేవాడు. సూటిగా పేరు పెట్టి రాస్తే కేసవుతుందని మారుపేర్లు తగిలించాడు. ఇంపే బంధువుకి నదీగట్ల మరమ్మతు కాంట్రాక్టు దక్కిందని ఆయనకు 'పూల్‌బందీ' అని పేరు పెట్టాడు. హేస్టింగ్స్ 'గ్రేట్ మొఘల్'. 1781లో ఏకంగా ఒక నాటకం కరపత్రమే అచ్చేశాడు. దౌర్జన్యం విరగబూసిందన్న అర్థం వచ్చే పేరుతో లేని నాటకం ఒకటి సృష్టించి, ఏ దుష్టపాత్ర ఎవరు వేస్తున్నారో వరసగా పట్టీ ఇచ్చాడు. పాత్రధారులంతా ప్రభుత్వమే. పత్రిక నాటకం వేషం కట్టడం ఈ ఊళ్లో అలా మొదలైంది.

అంతకన్నా నన్ను పట్టేసింది ఇంకో సంగతి. హికీ నోరు మూయించడానికి హేస్టింగ్స్ వర్గం ముందు పోలీసుల్ని పంపలేదు, ఇంకో పత్రిక పెట్టించింది. 1780 నవంబరులోనే ఇండియా గెజెట్ వచ్చేసింది. పెట్టినవాళ్లు ఇద్దరు. పీటర్ రీడ్ ఉప్పు ఏజెంటు, బెర్నార్డ్ మెస్సింక్ ఈ ఊరి నాటకశాల నడిపే మనిషి. దానికి తపాలా ఉచితం. హికీ పత్రికను మాత్రం తపాలాలో పంపకూడదని అదే నెలలో ఉత్తర్వు వేశారు. అతను తగ్గలేదు. ఇరవైమంది హర్కారాలను పెట్టుకుని ఇంటింటికీ పంచాడు. మెస్సింక్‌వాళ్లకు అచ్చు అక్షరాలు అమ్మాడన్న కోపంతో కీర్నాండర్ అనే మిషనరీ మీద కూడా రాశాడు. చివరికి హేస్టింగ్స్, కీర్నాండర్ ఇద్దరూ దావాలు వేశారు. హికీ జైలుపాలయ్యాడు, అక్కణ్నుంచి కూడా పత్రిక తీశాడు. 1782 మార్చిలో అచ్చు అక్షరాలు ఎత్తుకుపోయాకే ఆగింది.

కీర్నాండర్ కట్టిన చర్చి అక్కడికి దగ్గరే, మిషన్ రోలో. బావగారు లోపలికి తొంగి చూసి, "ఇంత పెద్దమనిషికి పేపరోడితో తగాదా ఎందుకు?" అని వచ్చేశారు.

మెస్సింక్ నాటకశాల ఉండిన చోటికి నడిచే వెళ్లాం. రైటర్స్ బిల్డింగ్ వెనక లయన్స్ రేంజ్. ఇప్పుడా వీధిలో స్టాక్ ఎక్స్‌చేంజి భవనం ఉంది. 1775లో చందాలు వేసుకుని కట్టిన ఆ నాటకశాలకు హేస్టింగ్స్, ఇంపే కూడా చందాదారులు. లండన్ మహానటుడు గారిక్ సాయం చేస్తే, బదులుగా ఈ ఊరివాళ్లు ఆయనకు మదీరా సారాయి పీపాలు పంపారట. బాక్సు సీటు టిక్కెట్టు ఒక బంగారు మొహరు. దానికంటే ముందు లాల్‌బజారు మూలన ఇంకో నాటకశాల ఉండేది. 1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా సైన్యం దాన్ని పట్టుకుని ఇంగ్లిషువాళ్ల కోట మీదికి ఫిరంగులు పేల్చింది. ఇప్పుడు లాల్‌బజారంటే పోలీసు హెడ్‌క్వార్టర్సు. నాటకశాల చిరునామా చివరికి పోలీసుల చిరునామాలో కలిసిపోయిన ఊరు ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు.

ఎజ్రా స్ట్రీట్‌కి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అయినా ఆ సందులో ప్రతి కొట్టూ దీపావళిలా వెలిగిపోతోంది. ఎల్‌ఈడీ తోరణాలు, పెళ్లిపందిళ్ల దీపాలు, వైరు చుట్టలు మోసే కూలీల అరుపులు. పక్కకి తప్పుకోకపోతే భుజం తగిలించి మరీ పోతారు. అప్పట్లో ఈ చోటు డోమ్‌తలా. 1795 నవంబరు 27న గెరాసిం లెబెదెవ్ అనే రష్యన్ వయొలిన్ విద్వాంసుడు ఇక్కడ బెంగాలీ నటీనటులతో బెంగాలీలో నాటకం వేయించాడు. గోలోక్‌నాథ్ దాస్ అనే పంతులు దగ్గర భాష నేర్చుకుని, ఒక ఇంగ్లిషు ప్రహసనాన్ని తర్జుమా చేసి, ఆడవేషాలు ఆడవాళ్ల చేతే కట్టించాడు. మనకు చుట్టరికం కలిసే ముక్క ఒకటుంది. ఈ ఊరికి రాకముందు ఆయన రెండేళ్లు మద్రాసులో ఉండి కచేరీలు చేశాడు, తమిళం నేర్చుకున్నాడు. కలకత్తాలో రెండు ప్రదర్శనలు కిటకిటలాడాయి. ఆ తర్వాత అప్పులు, దావాలు. ఇంగ్లిషు నాటకశాలవాళ్లే తనను కూల్చారని ఆయన మొర. ఇల్లు చేరాక సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో భారతీయ లిపులతో అచ్చుశాల పెట్టాడు. నాటకం పోయినవాడు అచ్చులో పడటం, పత్రిక పోయినవాడు నాటకం రాయడం ఇక్కడ మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

మెట్‌కాఫ్ హాలు సంగతి తొందరగా చెప్పి వదిలేస్తాను. స్ట్రాండ్ రోడ్డు మీద, హుగ్లీ వైపు తిరిగి, ముప్ఫై లావుపాటి స్తంభాలతో ఏథెన్సు నుంచి ఎత్తుకొచ్చినట్టుంటుంది. అది ఎందుకొచ్చిందంటే, 1823లో కలకత్తా జర్నల్ సంపాదకుడు జేమ్స్ సిల్క్ బకింగ్‌హామ్‌ను ఓడెక్కించి దేశం నుంచి పంపేశారు. మన బకింగ్‌హామ్ కాలువకూ ఈయనకూ సంబంధం లేదు, ఆ పేరు మద్రాసు గవర్నరు డ్యూకుది. ఆ ఏడాదే లైసెన్సు లేనిదే పత్రిక వేయకూడదన్నారు. రామమోహన్ రాయ్ ఇంకొందరితో కలిసి సుప్రీం కోర్టుకు మొర పెట్టి, వినకపోతే తన పారశీ పత్రిక మిరాతుల్ అఖ్బార్‌ను తనే మూసేశాడు. 1835లో తాత్కాలిక గవర్నర్ జనరల్ చార్లెస్ మెట్‌కాఫ్ ఆ కట్టు విప్పాడు. ఇంత చేసిన ఆయనకు గవర్నర్ జనరల్ పదవి ఖాయం కాలేదు. ఊరివాళ్లు కృతజ్ఞతగా కట్టించిన భవనం మాత్రం మిగిలింది. బావగారు స్తంభాలు లెక్కపెడుతుంటే నేను మెట్ల మీద కూర్చుని చెప్పులోంచి గులకరాయి తీసుకున్నాను.

పాత పత్రికలు కళ్లారా చూద్దామన్న ఆశతో మర్నాడు ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్లాం. ఫారం నింపితే ఫొటో లేదన్నారు. ఫొటో తీయించుకొస్తే గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలన్నారు. ఆ సంతకం మా రాష్ట్రం ఆఫీసరుది అయినా చెల్లుతుందా అనడిగితే, చెప్పాల్సినాయన భోంచేయడానికి వెళ్లాడన్నారు. మూడున్నర దాకా కూర్చున్నాం. పత్రికా స్వేచ్ఛ సాధించడానికి యాభై అయిదేళ్లు పట్టింది కదా, పాత పత్రిక చూడటానికి ఒక్క పూట పోతే పోనీ అని బావగారు ఓదార్చారు. చూడకుండానే తిరిగొచ్చాం.

ఆ సాయంత్రం చిత్‌పూర్ రోడ్డు పట్టుకున్నాం. ఇప్పుడది రవీంద్ర సరణి. ట్రాము పట్టాలు రోడ్డు మధ్యలో ఇంకా ఉన్నాయి. సితార్లు చేసే కొట్లు, అత్తరు కొట్లు, బ్యాండుమేళాలవాళ్ల ఎర్ర కోట్లు, పైకెళ్లే కొద్దీ జాత్రా నాటక కంపెనీల ఆఫీసులు. కళ్లు పెద్దవి చేసుకుని కత్తులు ఎత్తిన పోస్టర్లు చూస్తే సురభి బోర్డులు గుర్తొచ్చాయి. జోడాసాంకోలో ఠాగూర్ల ఇంటికి జనం వెళుతూనే ఉంటారు. ఆ చుట్టుపక్కలే మధుసూదన్ సన్యాల్ ఇల్లుండేది. గడియారం ఉండేది గనక ఊరివాళ్లు దాన్ని ఘడీవాలా బాడీ అనేవారు. 1872 డిసెంబరు 7న ఆ ఇంటి ముంగిట్లో నేషనల్ థియేటర్ అన్న పేరుతో కుర్రాళ్లు తెర లేపారు. అంతవరకూ జమీందార్ల ఇళ్లలో పిలిచినవాళ్లే చూసే బెంగాలీ నాటకం, ఆ రోజు నుంచి డబ్బులున్న ఎవరైనా చూసేదయింది. మొదటి తరగతి రూపాయి, రెండోది అర్ధరూపాయి. ఆ అరకొర వేదికకు 'నేషనల్' అన్న పేరు తగదని నటుడు గిరీశ్‌చంద్ర ఘోష్ అలిగి దూరంగా ఉన్నాడు.

వాళ్లు వేసింది నీల్‌దర్పణ్. 1860లో దీనబంధు మిత్ర రాశాడు, పేరు లేకుండా ఢాకాలో అచ్చయింది. దీనబంధు ఉద్యోగం తపాలా శాఖలో. ఊరూరా తిరిగిన ఉద్యోగి గనక నీలిమందు తోటల దొరలు రైతుల్ని ఏం చేస్తున్నారో కళ్లతో చూశాడు. వరి వేసుకోవాల్సిన పొలంలో నీలి వేయించి, అడ్వాన్సు పేరుతో తీరని అప్పులో దింపి, కాదంటే గోదాముల్లో పెట్టి కొట్టడం. హిందూ పేట్రియట్ సంపాదకుడు హరీశ్‌చంద్ర ముఖర్జీ ఈ సంగతులు వారం వారం రాసి, నలభై నిండకుండానే 1861లో చనిపోయాడు. చనిపోయినా వదల్లేదు. ఒక దొర ఆయన మీద వేసిన దావాను భార్య మీదికి లాగాడు.

1861లో ఈ నాటకానికి ఇంగ్లిషు తర్జుమా వచ్చింది. చేసింది మైకేల్ మధుసూదన్ దత్ అని అందరూ చెప్పుకుంటారు. మద్రాసులో ఎనిమిదేళ్లు ఉండి అక్కడి ఇంగ్లిషు పత్రికల్లో పనిచేసిన కవి ఆయన. అచ్చు వేయించింది జేమ్స్ లాంగ్ అనే మిషనరీ. ఆయన మీద పరువునష్టం కేసు వేసింది ప్రభుత్వం అనుకుంటాం గదా, కాదు. తోటల దొరల సంఘమూ, ఇంగ్లిష్‌మన్ పత్రిక సంపాదకుడూ. ముందుమాటలో రెండు దినపత్రికల సంపాదకులు దొరల సొమ్ముకు అమ్ముడుపోయారన్న అర్థం ఉందని వాళ్ల బాధ. నాటకంలో రైతును కొట్టిన దెబ్బల మీద ఎవరికీ కేసు లేదు, ముందుమాటలో పేపరువాళ్లకు, నాటకంలో దొరల పరువుకు తగిలిన దెబ్బకే కోర్టు కదిలింది. జడ్జి మోర్డాంట్ వెల్స్ నెల రోజుల జైలూ, వెయ్యి రూపాయల జరిమానా వేశాడు. కోర్టులోనే కాళీప్రసన్న సింహ అనే కుర్ర జమీందారు వెయ్యి రూపాయలు కట్టేశాడు. జైలు మాత్రం లాంగే అనుభవించాడు. 1875లో ఇదే నాటకం లక్నోలో ఆడితే, దొర రైతు కూతురి మీద పడే ఘట్టంలో తెల్లసోల్జర్లు కత్తులు దూసి వేదిక మీదికి ఎగబడ్డారని నటి వినోదిని తన ఆత్మకథలో రాసుకుంది. అప్పటికి ఆమె చిన్నపిల్ల.

సన్యాల్ ఇల్లు ఇదేనని ఒకాయన చూపించాడు, కాదు అదేనని ఇంకొకాయన. ఇద్దరూ మమ్మల్ని వదిలేసి వాళ్లలో వాళ్లు వాదించుకుంటుంటే మేం మెల్లగా జారుకున్నాం.

అక్కడి నుంచి బీడన్ స్ట్రీట్ ఎంతో దూరం లేదు. గ్రేట్ నేషనల్ థియేటర్ 1873 చివర్లో మొదలైంది ఆ వీధిలోనే. 1875 డిసెంబరులో ఇంగ్లండు యువరాజు కలకత్తా వస్తే, జగదానంద ముఖర్జీ అనే ప్రభుత్వ వకీలు ఆయన్ను భవానీపూర్‌లో ఇంటికి పిలిచి, అంతఃపురంలో ఆడవాళ్ల చేత హారతి పట్టించాడు. ఊరు ఊరంతా మండిపడింది. ఫిబ్రవరిలో ఈ థియేటర్‌వాళ్లు 'గజదానంద ఓ యువరాజ్' అని ప్రహసనం కట్టారు. పోలీసులు ఆపేశారు. పేరు మార్చి 'హనుమాన్ చరిత్ర' అని మళ్లీ వేశారు. అదీ ఆపితే, ఈసారి పోలీసుల మీదే వేశారు. పోలీసు కమిషనరు పేరు హాగ్, సూపరింటెండెంటు పేరు ల్యాంబ్. పంది, గొర్రె అని ఇంకెవరైనా కష్టపడి కల్పించాలి. ఇక్కడ దేవుడే ఇచ్చాడు. నాటకం పేరు 'ద పోలీస్ ఆఫ్ పిగ్ అండ్ షీప్'. ఈ ముక్క చెప్పగానే బావగారు నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వారు.

నవ్వినవాళ్లకు ఖరీదు పడింది. ఫిబ్రవరి 29న వైస్రాయి నార్త్‌బ్రూక్ ఆర్డినెన్సు తెచ్చాడు. మార్చి 4న ఇంకో నాటకం ఆడుతుండగా ఉపేంద్రనాథ్ దాస్, అమృతలాల్ బసు మరికొందరిని పట్టుకుపోయారు. నెల శిక్ష పడింది, హైకోర్టు కొట్టేసింది. కోర్టు కొట్టేసిన పనిని చట్టం చేసిపెట్టింది. ఆ డిసెంబరులో వచ్చిన నాటక ప్రదర్శనల చట్టం ఏ నాటకాన్నయినా రాజద్రోహమనో, అసభ్యమనో ఆపే వీలిచ్చింది. గిరీశ్ ఘోష్ సిరాజుద్దౌలా, మీర్ కాసిం, ఛత్రపతి శివాజీ నాటకాలు తర్వాత నిషేధంలో పడ్డాయి. తెల్లవాళ్లు వెళ్లాకా ఆ వాసన పోలేదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. చట్టాల పుస్తకంలోంచి 1876 నాటి ఆ చట్టాన్ని తీసేసింది 2018 జనవరిలో.

పత్రికల వంతు 1878లో వచ్చింది. వైస్రాయి లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టం ఇంగ్లిషు పత్రికల జోలికి పోదు. అంతకు కొన్నాళ్లు ముందు నుంచే సగం ఇంగ్లిషు, సగం బెంగాలీగా వస్తున్న అమృత బజార్ పత్రిక వారం తిరక్కుండా పూర్తి ఇంగ్లిషు పత్రికయిపోయింది. దాని సంపాదకుడు శిశిర్ కుమార్ ఘోష్ తెలివిని మెచ్చుకోని పుస్తకం లేదు. నాకు మాత్రం ఆ తెలివిలో కాస్త చేదు తగులుతుంది. పత్రిక బతికింది సరే, ఊళ్లో బెంగాలీ ఒక్కటే వచ్చిన చదువరి ఆ వారం ఏం చదువుకున్నాడు? ఈ శిశిర్ కుమార్ కూడా నాటకం రాసినవాడే. నేషనల్ థియేటర్ ఆయనది ఒకటి ఆడింది.

బీడన్ స్ట్రీట్‌లో ఆ గ్రేట్ నేషనల్ ఉన్న స్థలంలోనే 1893లో మినర్వా వచ్చింది. కాలి, మళ్లీ కట్టి, పాడుబడి, మళ్లీ బాగుపడి ఇప్పటికీ ఉంది. ఎదురుగా టీ కొట్టు. కొట్టు పక్క గోడకు చెక్క ఫ్రేము, దాంట్లో ఆ రోజు పార్టీ పేపరు జిగురుతో అంటించి ఉంది. కింద పేజీ తడి ఇంకా ఆరలేదు. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని, మెడ వంచి, చివరి కాలం దాకా చదువుతున్నాడు. మట్టి ముంత ఖాళీ అయినా పారేయడం మరిచాడు.

1965 మార్చిలో నాటకకర్త ఉత్పల్ దత్ ఇక్కడే 'కల్లోల్' వేశాడు. 1946 నావికుల తిరుగుబాటు మీద నాటకం, వేదిక మీద యుద్ధనౌకనే నిలబెట్టారు. పాలకులకు నచ్చలేదు. ఉత్పల్ దత్‌ను ఆ సెప్టెంబరులో పట్టుకుపోయి నెలల తరబడి జైల్లో పెట్టారు. ఊళ్లో పెద్ద దినపత్రికలు ఆ నాటకం ప్రకటన వేయబోమన్నాయి, డబ్బిచ్చినా సరే. ఏ చట్టమూ చెప్పలేదు, ఏ వైస్రాయీ అడగలేదు. హికీ నోరు మూయించడానికి మెస్సింక్ చేసింది, లాంగ్ మీద ఇంగ్లిష్‌మన్ చేసింది ఇదేనా అని నేను అంటుంటే బావగారు ముంత కింద పెట్టారు.

"నేను చూశానోయ్ ఆ పోస్టర్లు," అన్నారు. "అప్పుడు నాకు పదహారో పదిహేడో. ఖరగ్‌పూర్ స్టేషను గోడ నిండా అవే. కల్లోల్ నడుస్తోంది, నడుస్తూనే ఉంటుంది అని. ఆ నాటకానికి లైట్లు వేసిన తాపస్ సేన్ వేయించాడని తర్వాత తెలిసింది. మేం సినిమా అనుకున్నాం. రైలెక్కి వచ్చేద్దామని చూస్తే మా నాన్న దుడ్డుకర్ర తీశాడు."

"మరి ఎప్పుడు చూశారు?"

"చూళ్లేదు."

అని, సంచిలోంచి పొద్దున్న హౌరాలో కొన్న బెంగాలీ పేపరు తీశారు. మొదటి పేజీ వార్తలు వదిలేసి, లోపల నాటకాల ప్రకటనలున్న పేజీ విప్పారు. అగ్గిపెట్టెంతేసి గళ్లు, గడికో నాటకం. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. మినర్వా గడి దగ్గర వేలు ఆగింది.

"ఆరున్నరకట. ఇంకో టీ చెప్పు."